విప్పగూడని సంచి

బండి అద్దానికి కదిరి నరసింహుడు వేలాడతాంటాడు.
ఆయన పక్కనే
బొటనేలంత ఎర్రపట్టు సంచి.
పీణ్య ఫ్యాక్టరీకి వచ్చిన మొదటి సోమారం
హిరానో సారు కట్టినాడు దాన్ని.
‘బండికి దెబ్బ తగలకుండా’ అన్యాడు.
‘విప్పొద్దు. విప్పితే లోపలుండేది ఎళ్లిపోతుంది.’

ఆయన ఇంగ్లీషు కుంటిది, నాదీ కుంటిదే.
ఒకదాని బుజమ్మీద ఒకటి చెయ్యేసుకోని
గొరగుంటెపాళ్యం సిగ్నలు దాటేవి దినామూ.
అట్ల దాటుకుంటా దాటుకుంటా
నాకొక కొండ తెలిసింది.

వాళ్ల ఊరి కొండ.
కొండ కింద గుడి, ఏ కాలందో వాళ్ల తాతకే తెలీదంట.
ఎర్రరంగు ద్వారం. తలుపుల్లేవు, పక్కన గోడల్లేవు,
దాటినావంటే లోపలికొచ్చినట్టే.
రాతితొట్టిలో నీళ్లు, కొయ్య గరిటె.
ఎడమచెయ్యి ముందర, కుడిచెయ్యి తర్వాత, ఆ పైన నోరు.
రెండు దండాలు, రెండు చప్పట్లు, ఇంకో దండం.

‘లోపల ఏ సామి సారూ?’ అంటి.
‘లోపల ఏం లేదు.’
‘మరి మొక్కేది ఎవురికి?’
వేలు పైకెత్తి చూపించినాడు.
నాకు ఫ్లైఓవర్ అడుగు కనపడింది.
కొండకంట. కొండే సామంట.

ఒక ఆదివారం నేనే అంటి, మాకూ ఉండాది సారూ ఒకటి.
డాబస్‌పేట కాడ ఎడమకి తిరిగితే శివగంగ.
ఒక దిక్కునుంచి చూస్తే ఎద్దు, ఇంకో దిక్కునుంచి లింగం.
ఆయన బండి దిగి నాలుగు దిక్కులా చూసి
నాకు కనపడనిదేదో చూసి
తలొంచినాడు, గుడి ఇంకా దూరముండగానే.

గుళ్లో నెయ్యి పోసి రుద్దితే వెన్నవుతుంది.
హిరానో సారు కొలతలు చూసే మనిషి,
వెంట్రుకవాసి తేడా వస్తే లారీ వాపసు పంపుతాడు.
థర్మామీటర్ అడుగుతాడేమో అని నా బయం.
అడగలా.
వేలిమీద పెట్టిన వెన్నను చానాసేపు చూసి
నాలికమీద పెట్టుకున్యాడు.

పైన ఒళకల్లు తీర్థం. రాతిలో బొక్క.
పుణ్యముండేవాని చేతికే నీళ్లు తగుల్తాయంటారు.
గడియారం తీసి నా చేతికిచ్చి
బుజం దాకా దింపినాడు చెయ్యి.
కళ్లు మూసుకున్యాడు.
చెయ్యి పొడిగానే పైకొచ్చింది.
తర్వాత నేను.
తగిలినాయి. సల్లగా, మూడు వేళ్లకి.
ప్యాంటుకి తుడుచుకోని
‘నాకూ లేదు సారూ’ అంటి.
అబద్దమే. కొండ వినింటుంది.

శ్రావణంలో వాళ్ల దేశానికి ఎళ్లిపోయినాడు.
పోతాపోతా సంచిని ముట్టుకోని చెప్పినాడు:
ఏడాది నిండినాక దీన్ని గుడికి తిరిగియ్యాల,
వాళ్లే మొక్కి కాలుస్తారు,
అలిసిపోయిన సామిని పనిలో పెట్టుకోగూడదు.

ఏడాది నిండి మూడు నెల్లాయ.

యశవంతపురం పోస్టాఫీసులో
అద్దం ఎనకాల అక్క అడిగె, లోపలేముంది?
‘తెలీదక్కా.’
‘విప్పి చూపించు.’
‘విప్పగూడదక్కా.’
‘అట్లయితే పోదు.’
నా ఎనకాల ఎవురో నగినారు.
సంచిని జేబులో ఏసుకోని ఈదిలోకొస్తి.
మెట్రో మీదినుంచి పోతాండాది.
ఆ పొద్దుటినుంచి అద్దానికి నరసింహుడొక్కడే,
బ్రేకేసినప్పుడంతా ఒంటిగా ఊగుతాండాడు.

ఈ పొద్దు బాడిగ లేదు.
శివగంగ కింద, మొదటి మెట్టు కాడ నిలబడితి.
ఇచ్చేదానికి వస్తినో, అడిగేదానికి వస్తినో
నాకే తెలీదు.
ఈ కొండకి ఆ కొండ ఎరుకేనా?
నీళ్లసీసా తీసి ఎడమచెయ్యి కడుక్కుంటి, కుడిచెయ్యి, నోరు.
రెండు దండాలు పెడితి.
చప్పట్లు కొడితే
శెనక్కాయలమ్మే ఆమె తిరిగి చూసి,
‘యార్నణ్ణా కరీతిద్దీయా?’

ఎవుర్నని చెప్పేది?
నోరు తెరిచేలోపల
నా చప్పట్లు తనకే అనుకోని
గోడ దిగొచ్చె ఒక ముసలి కోతి,
నా జేబునే చూసుకుంటా.

గట్టిగా పట్టుకుంటి జేబు.
అది విప్పకుండా ఉండదు.